సైకిలెక్కిన నర్సింగం

తెల్లారేసరికి కొత్తవాడలో మగ్గాల చప్పుడు మొదలైంది. నర్సింగం ఇంటి ముందు గద్దె మీద కాళ్ళు చాపుకుని, ఎడమ మోకాలికి నువ్వుల నూనె పట్టిస్తూ, వీధిన పోయేవాళ్ళను ఒక్కొక్కరినీ చూసి మూతి విరుస్తున్నాడు. పాలాయన సైకిల్ మీద పోయాడు. బడిపంతులు రిక్షాలో పోయాడు. ఎదురింటి లక్ష్మీనర్సయ్య చాయ్ గ్లాసు పట్టుకుని బయటికొచ్చి, నాలుగడుగులు వేసి, అదే పెద్ద పనైనట్టు మళ్ళీ కూర్చున్నాడు.

"థూ! ఏం బతుకులు!" అన్నాడు నర్సింగం, తన మోకాలితోనే.

అతని దృష్టిలో మనుషులు రెండే రకాలు. ఉరికేవాళ్ళు, కూర్చునేవాళ్ళు. ఉరికేవాడు వరంగల్ మొత్తానికి తనొక్కడే. మిగతా ఊరంతా కూర్చున్నదే. పెళ్ళి కాకముందు నుంచీ దూరపు పరుగు పందేల్లో ఉరికి, జిల్లా కప్పులు తెచ్చి, ఆ పేరు మీదే మిల్లులో ఉద్యోగం సంపాదించాడు. ఏం ఉద్యోగమంటారా? గేటు దగ్గర వాచ్‌మెన్. పొద్దంతా స్టూలు మీద కూర్చోవడమే పని. ఆ సంగతి మాత్రం మహానుభావుడికి ఎప్పుడూ గుర్తుకు రాలేదు.

ఇప్పుడు ఆ పరుగూ పోయింది. నిరుడు ఎండాకాలం మోకాలు వాచి కాలు కింద పెట్టలేకపోతే దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు మోకాలు అటు వంచి, ఇటు వంచి, "ఇగ ఉరుకుడు బంద్, నర్సింగం. లోపల గుజ్జు అరిగింది. సైకిల్ తొక్కు, మంచిది" అన్నాడు.

"సైకిలా? నేనేమన్న పోస్ట్‌మెన్‌నా డాక్టర్ సాబ్?" అని కుంటుకుంటూ బయటికొచ్చాడు. రెండు నెలలు గద్దె మీద కూర్చుని వీధిని తిట్టాడు. మూడో నెల తిట్టడానికి కూడా ఓపిక లేక గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది చూడలేక మిల్లు టైమ్ కీపర్ కిషన్ రావు ఒక రేసు సైకిల్ తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. వంకర హ్యాండిల్, సన్న టైర్లు, కూర్చుంటే కోసుకుపోయే సీటు.

"ఏడిది?" అని అడిగాడు నర్సింగం.

"ఏడిదైతే నీకెందుకు? తొక్కు" అన్నాడు కిషన్ రావు.

అలాంటి సైకిల్ కుదిర్చి ఇవ్వగల దుకాణం చుట్టుపక్కల ఒక్కటే ఉంది. రంగశాయిపేటలో వెంకటరాజం దుకాణం. కిషన్ రావుకు తెలుసు. వీధికంతా తెలుసు. నర్సింగానికి అందరికంటే బాగా తెలుసు. తెలియనట్టు ముఖం పెట్టి సైకిల్ తీసుకున్నాడు. ఎందుకంటే ఆ వెంకటరాజం ఎవరో కాదు, అతని అల్లుడే.

"ఇగో, ఇంటాన్నవా?" లోపలి నుంచి భార్య అనసూయ గొంతు వినిపించింది. ఆమె గుంటమగ్గంలో కాళ్ళు దించుకుని జంపఖానా నేస్తున్నది. మాట్లాడుతున్నా చెయ్యి ఆగదు, కాలూ ఆగదు. "శకుంతలకు ఏడో నెల ఎల్లిపోతాంది. ఎనిమిదో నెల పడ్డదంటే కదిలియ్యొద్దు. తొలి కాన్పు. ఎప్పుడు పోయి తోలుకొస్తవ్?"

"ఎవలను?"

"నీ బిడ్డను."

"నా బిడ్డనా? నా బిడ్డ ఉరికేటోని బిడ్డ. గా పంక్చర్ల దుకాణంల కూసున్నామె ఎవలో నాకు తెల్వదు."

 అనసూయ చేతిలో నూలు నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోతూనే ఉంది. శకుంతల వాళ్ళకు ఒక్కతే కూతురు. రెండేళ్ళ కింద తనకు నచ్చినవాణ్ణి చేసుకుంటానంటే నర్సింగం అడ్డం నిలబడ్డాడు. కులం ఒక్కటే, పిల్లగాడికి చెడ్డ అలవాట్లు లేవు, దుకాణం సొంతం. ఇక ఏం తక్కువని అడిగితే అతను చెప్పిన మాట విని కులపెద్దలు కూడా నవ్వుకున్నారు. "పీట మీద కూసొని మంది టైర్లకు గాలి కొట్టెటోనికి నా బిడ్డనిస్తనా?" అన్నాడు. చివరికి పెళ్ళి గుడిలో జరిగింది. తండ్రి పోలేదు. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు.

అనసూయ నాలుగైదుసార్లు పోయి బిడ్డను చూసి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ శకుంతల మాట ఒక్కటే మోసుకొచ్చింది. "బాపు వచ్చి పిలిస్తేనే వస్త. లేకుంటే కాన్పు ఈడనే." పట్టుదల ఎవరిదనుకున్నారు? అచ్చం తండ్రిదే.

*

నిరుడు సైకిలెక్కిన కొత్తలో నర్సింగం పొద్దు పొడవకముందే, ముఖానికి తువ్వాల చుట్టుకుని పోయేవాడు. ఎవరైనా చూస్తారని సిగ్గు. ఆ వంకర హ్యాండిల్ మీద వంగి పోతుంటే, పడిపోయిన చిల్లర వెతుక్కుంటున్నవాడిలా ఉంటానని అతని బాధ. ఇంటికొచ్చి సైకిల్‌ను గోడకు ఆనించి, పాత జంపఖానా కప్పేవాడు. దొంగసొమ్మును కూడా అంత భద్రంగా ఎవరూ దాచరు.

కానీ ఒంట్లో ఇన్నేళ్ళ పరుగుంది కదా! ఊపిరి తరగలేదు, తొడల్లో బలం చావలేదు. నెల తిరిగేసరికి మామునూరు దాకా పోయి వస్తున్నాడు. మోకాలు నొప్పి అనలేదు. ఒకరోజు వర్ధన్నపేట చూసి వచ్చాడు. ఆ రోజు ఇంటికొచ్చి తువ్వాల తీసేశాడు, సైకిల్ మీద జంపఖానా కూడా కప్పలేదు.

"ఇది గూడ ఒక ఆటేనా? కూసొని పోవుడు! నా కాలు బాగుంటే దీన్ని ముట్టకపోదును" అని వీధిలో వినబడేటట్టు అన్నాడు. అని, మరునాడు ఇంకా పొద్దున్నే లేచి పోయాడు.

ఆదివారాలు ఊళ్ళో రేసు సైకిళ్ళున్న గుప్పెడు మంది కలిసి వర్ధన్నపేట రోడ్డు మీద పోయేవారు. నర్సింగం కూడా వాళ్ళతో పోవడం మొదలుపెట్టాడు. వాళ్ళలో వెంకటరాజం ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ. మామను చూసి తల వంచేవాడు. మామ ఆకాశాన్ని చూసేవాడు.

వాళ్ళు తొక్కే తీరు చూసి నర్సింగానికి ఒళ్ళు మండింది. ఒకని వెనుక ఒకడు, టైరుకు టైరు తగిలేంత దగ్గరగా పోతారు. ముందున్నవాడు గాలిని కోసుకుంటూ పోతాడు. వెనకున్నవాళ్ళకు గాలి తగలదు, కష్టం తగ్గుతుంది. ముందువాడు అలసిపోగానే పక్కకు జరిగి చివరికి పోతాడు, రెండోవాడు ముందుకొస్తాడు. అలా వంతులవారీగా పోతారు.

"ఎనుక నక్కుడు! ఇది మొగోళ్ళు చేసే పనేనా?" అని నర్సింగం ఉమ్మేశాడు. "నా బతుకుల ఒకని ఎనుక దాక్కొని ఉరకలె. నా గాలి నేను తిన్న, నా ఎండ నేను తిన్న."

"సైకిల్‌కు గాలే దుష్మన్, కాకా. ఉరికినట్టు గాదు" అన్నాడు ఒక కుర్రాడు.

"నాకు నేర్పుతాన్నవా బే?" అని నర్సింగం గుంపు పక్కనే, ఒంటరిగా, మొత్తం గాలికి రొమ్ము చూపిస్తూ తొక్కాడు. ఏ ఆదివారమూ ఒకరి వెనక్కి పోలేదు. ఇంటికొచ్చేసరికి నోట్లో నురగ వచ్చేది. అది గొప్పతనమనుకున్నాడు.

ఈ ఏడు ఆగస్టు పదిహేనుకు సైకిల్ పందెం ప్రకటించారు. పోచమ్మ మైదాన్ నుంచి వర్ధన్నపేట దాకా పోయి తిరిగి రావాలి. నర్సింగం పేరిచ్చాడు. ఆ పంక్చర్లవాణ్ణి పదిమందిలో ఓడించాలన్నది ఒక్కటే కోరిక. ఈ వయసులో, ఈ మోకాలితో, అల్లుడి దుకాణం నుంచి వచ్చిన సైకిల్ మీదే అల్లుణ్ణి ఓడిస్తాడట! చెప్పుకుంటే సిగ్గుచేటు.

*

పందేనికి ముందురోజు సాయంత్రం నర్సింగం వాకిట్లో సైకిల్ గొలుసు తుడుస్తున్నాడు. లోపల మగ్గం చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. చీకటి పడకముందే అనసూయ మగ్గం ఆపిందంటే ఏదో జరిగినట్టే. చేతులు తుడుచుకుంటూ గుంటలో నుంచి లేచి వచ్చి అతని ముందు నిలబడింది.

"రేపు సోమారం. ఎల్లుండి మంగళారం, బిడ్డను కదిలియ్యం. బుధవారం కెళ్ళి ఎనిమిదో నెల. అంటే రేపొక్క రోజే ఉన్నది. చెప్పు, పోతవా, పోవా?"

"రేపు పందెం."

"పందెమైనంక పో."

"గా పంక్చర్లోన్ని తొవ్వల ఇడిసిపెట్టి, గెలిచొచ్చి, అప్పుడు మాట్లాడ్త. గెలిచినోన్ని లెక్క పోవాలె గాని, ఆని గడపకు వంగుకుంట పోతనా?"

"ఓడితే?"

"నేను ఓడుడేంది?"

అనసూయ నవ్వింది. ఆ నవ్వులో ఇన్నేళ్ళ కోపమంతా ఉంది. "నువ్వు ఎన్నడు ఓడలె. ఎందుకోడ్తవ్? నీ ఉరుకుడు తప్ప ఈ ఇంట్ల ఇంకోటి జరగనిచ్చినవా? ఒక్క ముచ్చట చెప్పు. శకుంతల ఆ దుకాణంకు ఎట్ల పోయింది? ఎవలు పంపిన్రు?"

"నేను పంపిన్నా?"

"నువ్వే! ఎనిమిదేండ్ల పోరిని పొద్దుగాల లేపి, కిరాయి సైకిల్ తే పో, నీళ్ళ సీసా పట్టుకొని నా ఎంబడి రా పో అని రోజు ఆ దుకాణంకు తోలింది నువ్వు గాదా? అప్పుడది వాళ్ళ నాయిన దుకాణం, ఈ పిలగాడు చక్రాలు తుడుస్తుండె. సీటు అందక, నడిమి దంటె కింద కెళ్ళి కాలు దూర్చి తొక్కేది నా బిడ్డ. చలికి వేళ్ళు వంగకపోయేటియి. నీకు నీళ్ళు కావాలె, గులుకోజు కావాలె. పెద్దగైందాక గట్లనే పోయింది. పోయిన తొవ్వల ఒకని మంచితనం కండ్లవడ్డది. తప్పేంది?"

"కూసొని బతికెటోడు..."

"నేను కూసొని బతుకుతలేనా?" అనసూయ గొంతు లేచింది. "పెండ్లయిన కాన్నుంచి ఈ గుంటల కాళ్ళు పెట్టి కూసున్న. నువ్వు తిన్న గుడ్లు, తాగిన పాలు, అరగదీసిన బూట్లు ఏడి కెళ్ళి వచ్చినయనుకున్నవ్? ఇంతకు నువ్వేం చేస్తవయ్యా గేటు కాడ? స్టూలు మీద నిలవడ్తవా?"

నర్సింగం తల తిప్పుకున్నాడు. ఎదురుగా గద్దె మీద లక్ష్మీనర్సయ్య చాయ్ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకున్నాడు. నర్సింగానికి అది కూడా కనిపించింది.

"నువ్వు తోలుకరాకుంటే రేపు మాపటికి నేనే పోత. కాన్పు ఆడనే చేస్త. పురుడైనంక గూడ వస్తనో రానో, నాకే తెల్వదు. నీ కప్పులను చూసుకుంట కూసో" అని ఆమె లోపలికి పోయింది. మళ్ళీ మగ్గం చప్పుడు వినిపించింది, కానీ రోజూ ఉండే తీరున లేదు.

*

పొద్దున అతను బయల్దేరుతుంటే అనసూయ ఒక చిన్న మూట తెచ్చింది. కొత్త రవికె గుడ్డలో పసుపు పొట్లం, కుంకుమ పొట్లం పెట్టి కట్టింది. అతని తెల్ల బనియన్ వెనుక, నీళ్ళ సీసా కోసం తాను కుట్టిన సంచిలో ఆ మూటను తోసింది.

"ఏందిది? బరువైతది" అన్నాడు నర్సింగం.

"తొవ్వల రంగశాయిపేట పడ్తది. ఆగితే ఆగు. లేకుంటే తొవ్వల పారెయ్" అంది, ముఖం చూడకుండానే.

పారేస్తానని గొణిగాడు గాని పారెయ్యలేదు. పోచమ్మ మైదాన్‌లో జెండా ఎగరేశాక ఎవరో పెద్దమనిషి రుమాలు ఊపాడు, సైకిళ్ళు కదిలాయి. పోయేటప్పుడు పడమటి గాలి వీపున పట్టి తోస్తున్నది. నర్సింగం అందరికంటే ముందున్నాడు. మామునూరు దాటాడు, పంతిని దాటాడు. వెనక్కి చూస్తే గుంపు ఒకరి వెనుక ఒకరు బుద్ధిగా వస్తున్నది. 'నక్కండి బిడ్డా, నక్కండి' అనుకుని ఇంకా గట్టిగా తొక్కాడు. గాలి తోస్తున్నదని తెలియక, తన కాళ్ళ బలమే అనుకున్నాడు. పిచ్చి ముఖం!

వర్ధన్నపేటలో సైకిల్ మళ్ళించగానే గాలి ముఖాన కొట్టింది. ఇందాకటి దాకా చుట్టంలా తోసిన గాలే ఇప్పుడు రొమ్ము మీద చెయ్యిపెట్టి ఆపుతున్నది. నర్సింగం పళ్ళు బిగించాడు. కాస్త దూరం పోయేసరికి తొడలు మండాయి, ఊపిరి అందలేదు. గుంపు వచ్చి అతణ్ణి దాటింది. "కాకా, ఎనుకకు రా!" అని ఎవరో పిలిచారు. అతను వినిపించుకోలేదు. వాళ్ళు దూరమయ్యారు. ఇంకా వెనకబడ్డవాళ్ళు, నిన్న మొన్న సైకిల్ నేర్చిన పిల్లకాకులు, వాళ్ళూ దాటారు. కడకు రోడ్డు మీద నర్సింగం ఒక్కడే మిగిలాడు, గాలితో కొట్లాడుతూ.

పంతిని దగ్గర ముందు ఒక సైకిల్ నెమ్మదిగా పోతూ కనిపించింది. దగ్గరికి వచ్చేసరికి తెలిసింది, వెంకటరాజం. ముందు గుంపులో, గెలిచే జాగాలో ఉండాల్సినవాడు. గుంపును వదిలి ఆగిపోయి, ఇతని కోసం చూస్తున్నాడు.

"మామా, నా ఎనుకకు రా" అన్నాడు.

"ఎవడ్రా నీకు మామ?"

 వెంకటరాజం సైకిల్‌ను అతని ముందుకు తెచ్చి, టైరుకు టైరు తగిలీ తగలనంత దూరంలో తొక్కసాగాడు. నర్సింగం కుడివైపుకు జరిగాడు. గాలి చెంప మీద కొట్టింది. ఎడమవైపుకు జరిగాడు. వెంకటరాజం కూడా జరిగి మళ్ళీ ముందుకొచ్చాడు. నర్సింగానికి కోపం ఆగలేదు.

"ఎనుక రా! అడ్డం రాకు!" అని అరిచాడు.

వెంకటరాజం వెనక్కి తిరగకుండానే నవ్వాడు. "గీ మాట అంటవని చెప్పింది, మామా."

"ఎవలు?"

"శకుంతల. మా బాపు తిడ్తడు, మర్లి చూడకు అన్నది. ముంగట పోయి, ఆయన రొప్పుడు ఇనుకుంట తొక్కు అన్నది. రొప్పుడు తగ్గితే గాలి తగుల్తలేదన్నట్టు. పెరిగితే గాలి మళ్ళిందన్నట్టు, నువ్వు గూడ జరుగు అన్నది. చిన్నప్పటి సంది ఆమె గట్లనే చేసిందట గదా?"

 నర్సింగానికి తన రొప్పు తనకే వినిపించింది. అవును, తగ్గింది. ముఖం మీద గాలి లేదు. చెవుల్లో హోరు లేదు. ఈ నిశ్శబ్దం అతనికి కొత్త కాదు.

అప్పుడూ ఇదే రోడ్డు, ఇలాంటి పొద్దులే. ముందు ఒక కిరాయి సైకిల్, దాని మీద సీటు అందక పక్కకు వంగి, నిక్కి నిక్కి తొక్కుతున్న చిన్న పిల్ల. హ్యాండిల్‌కు నీళ్ళ సీసా. గాలి ఎదురైన ప్రతిసారీ ఆ పిల్ల అతని ముందుకే వచ్చేది. "ఎనుక రా! అడ్డం రాకు!" అని అతను ప్రతిసారీ కసిరేవాడు. ఆ పిల్ల కాసేపు వెనక్కి పోయి, గాలి లేవగానే మళ్ళీ ముందుకొచ్చేది. మొండిది, చెప్తే వినదు అని ఇంటికొచ్చి అనసూయతో చెప్పి ఒకట్రెండుసార్లు కొట్టాడు కూడా. ఒక్కసారి కూడా ఎందుకు వస్తున్నావే అని అడగలేదు.

'నా గాలి నేను తిన్న' అన్నాడు కదా! ఏం తిన్నాడు? ఎనిమిదేళ్ళ పిల్ల తిన్నది అతని గాలి. అతను దాని వీపు చాటున ఉరికి, కప్పులు తెచ్చుకుని, ఊరందరినీ చూసి మూతి విరిచాడు. ఆ పిల్లనే గడప దాటించి, రెండేళ్ళు ముఖం చూడలేదు. నర్సింగానికి జీవితంలో మొదటిసారి తనను చూసి తనకే అసహ్యం వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలి వల్ల అని చెప్పుకుందామంటే, ముఖం మీద గాలే లేదు.

"రాజం" అన్నాడు. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "నువ్వు ముంగటి గుంపుల ఉంటివి గదా. గెలిచేటోనివి. ఎందుకు ఆగినవ్?"

"పందెం మళ్ళేడు గూడ ఉంటది, మామా. శకుంతలను తోలుకపోనీకి ఇయ్యాల ఒక్క రోజే ఉన్నది. నువ్వు తొవ్వల పడిపోతే ఆమెను ఎవలు పిలుస్తరు?"

నర్సింగం అతని వెనుక తలవంచుకుని తొక్కాడు. మామునూరు మైదానం దగ్గర గాలి మరీ గట్టిగా లేచింది. "జర సేపు నేను ముంగటికొస్త" అన్నాడు. "వద్దు మామా" అన్నాడు రాజం. "నువ్వు గూడ మనిషివే గదరా" అని నర్సింగం ముందుకు పోయాడు. ఎంతోసేపు కాదు, ఊపిరున్నంత సేపే. ఆ తర్వాత మాట్లాడకుండా తానే పక్కకు జరిగి వెనక్కి వచ్చాడు.

*

రంగశాయిపేటలో రోడ్డు పక్కన జనం నిలబడి పందెం చూస్తున్నారు. సైకిల్ దుకాణం ముందు, తడి చేతులతో, కడుపు మీద కొంగు కప్పుకుని శకుంతల నిలబడి ఉంది. పక్కన నీళ్ళ తొట్టి, అందులో సగం ముంచిన ట్యూబు. నర్సింగం బ్రేకు పట్టాడు.

"మామా, పోచమ్మ మైదాన్ దగ్గరనే. ఇంత దూరం వచ్చి పందెం ఇడిసిపెడ్తవా?" అన్నాడు రాజం.

"పోనియ్" అన్నాడు నర్సింగం. ఇన్నేళ్ళలో ఒక్క పందెమూ మధ్యలో వదలనివాడు, కాలు కింద పెట్టి దిగాడు.

కూతురు కదలలేదు. తండ్రి ముఖం వైపు చూసి, చూపు తిప్పుకుంది.  ఊరందరినీ కడిగి ఆరేసే నర్సింగం నోరు ఇప్పుడు ఎండిపోయింది. ఏదో ఒకటి చెయ్యాలని సైకిల్‌ను గోడకు ఆనించడానికి అటు తిరిగాడు. అంతే, శకుంతల కెవ్వుమన్నది.

"బాపూ! పడ్డవా? నెత్తురు! వీపంత నెత్తురు!"

నీళ్ళ తొట్టి తన్నేసి, అంత కడుపుతో పరుగెత్తుకొచ్చి అతని వీపు పట్టుకుంది. తెల్ల బనియన్ నడుము దాకా ఎర్రగా ఉంది. నర్సింగం చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకున్నాడు. చెమటకు నాని, పొట్లం చినిగి, కుంకుమంతా కారింది.

"నెత్తురు గాదే. మీ అవ్వ కట్టిచ్చిన కుంకుమ."

"కుంకుమ ఎందుకు కట్టిచ్చింది?"

"నిన్ను పిలువనీకి." తడిసిన మూట తీసి ఆమె చేతిలో పెట్టాడు.  "ఇంటికి రా బిడ్డా. ముంగట నిన్ను పెట్టుకొని, అడ్డం రాకు, అడ్డం రాకు అని తిట్టిన. నాకు తెల్వలేదే. నువ్వెందుకు ముంగటికొస్తున్నవో ఇయ్యాల్టి దాక నాకు తెల్వలే."

శకుంతల భర్త వైపు చూసింది. "చెప్పినవా?"

"ఆయనే అడిగిండు" అన్నాడు రాజం, తప్పు చేసినవాడిలా.

ఇక ఆగలేదు ఆమె. నడిరోడ్డు మీద తండ్రి రొమ్ము మీద తల పెట్టి ఏడ్చింది. నర్సింగం కూడా ఏడ్చాడు. చూసేవాళ్ళు చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాడు, అదీ అతని బతుకులో మొదటిసారే. తర్వాత వంగి ఆ దుకాణం గడప దాటి లోపలికి పోయి, పంక్చర్లు వేసే పీట మీద కూర్చుని, అల్లుడిచ్చిన నీళ్ళు తాగాడు.

మధ్యాహ్నానికి రిక్షా వచ్చింది. మెత్తగా ఉండాలని రాజం సీటు మీద జంపఖానా మడిచి వేశాడు. అది పెళ్ళైన కొత్తలో అనసూయ నేసి పంపింది. శకుంతల ఎక్కి కూర్చుంది, రాజం పక్కనే సైకిల్ మీద బయల్దేరాడు. కొత్తవాడ వైపు తిరగగానే పడమటి గాలి ఎదురైంది. రిక్షా అతను నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు, అయినా చక్రాలు కదలడం లేదు.

నర్సింగం, వీపంతా ఎర్రటి కుంకుమతో, సైకిల్‌ను రిక్షా ముందుకు తెచ్చాడు. తిరిగి చూడలేదు. వెనుక రిక్షా తొక్కేవాడి రొప్పు వింటూ తొక్కసాగాడు. కాస్త పోయాక రొప్పు తగ్గింది.

"బాపూ!" వెనుక నుంచి శకుంతల గొంతు, ఏడుపూ నవ్వూ కలిసి. "ఎనుక రా! అడ్డం రాకు!"

నర్సింగం వెనక్కి రాలేదు. గాలి కొద్దిగా ఎడమకు మళ్ళింది. తనూ ఎడమకు జరిగాడు.